కందనకాయ ఎవరి కంచంలో

కందనకాయ అంటే కోడి మింగిన గింజల్ని నూరే గట్టి కండ అని ఏళ్ల తరబడి బడిపిల్లలకు చెప్పాను. ఆ మాట వాడుక మాత్రం నాకు ఒంగోలు నుంచి అద్దంకి వెళ్లే బస్సులో తెలిసింది. పక్క సీట్లో పెద్దాయన, ఆయన ఒళ్లోని సంచిలోంచి తల బయటపెట్టిన నాటుకోడి.

"కోడికి కందనకాయ ఒకటే కదండీ. మా అత్త ముప్పై ఏళ్లూ దాన్ని మా తోడల్లుడికే వేసింది. వాడిది ఉద్యోగం, నాది మిరపకోత కూలి. నాకెప్పుడూ మెడ ముక్కే."

"మరిప్పుడు?"

"రేపు మా ఇంట్లో ప్రార్థన. వాడొస్తున్నాడు. వాడికి మెడ ముక్క వేయించి, కందనకాయ వాడెదురుగా నేను నములుతా, కసిదీరా!"

"ప్రార్థన రోజున పగేంటి పెద్దాయనా?"

"ప్రార్థన అయ్యాకే కదండీ భోజనం!"

నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. నేను చూడటం ఆయనా చూశాడు.

"నమలలేనులెండి. వాడు లేచిందాకా బుగ్గన పెట్టుకుని కూర్చుంటా."

ఇప్పటికీ అత్తారింట్లో నా కంచంలో కందనకాయ పడితే ముందు పక్క కంచంలోకి చూస్తాను. మా తోడల్లుడికింకా పళ్లన్నీ ఉన్నాయి.