ఎక్కడికని అడగని ఇల్లు

ఈశ్వరమ్మకు హాకీ ఒక్క ముక్క అర్థం కాదు. కెనడాలోని డార్ట్‌మత్‌కు వచ్చి పాతికేళ్ళు దాటినా, ఐస్ మీద ఆ నల్లబిళ్ళ ఎటు పోయిందో ఆవిడ కంటికి ఏనాడూ ఆనలేదు. అయినా హార్బర్ లీగ్ చరిత్ర ఎవరైనా రాయదలిస్తే ముందు ఆవిడ వంటింట్లో కూర్చోవాల్సిందే. ఆ లీగ్‌లో ఆడినవాళ్ళు చాలామంది అన్నం తిన్నది అక్కడే మరి.

లీగ్ అంటే టీవీలో కనిపించే పెద్ద లీగ్ అనుకునేరు. అంత భాగ్యం ఎక్కడిది! సముద్రతీరం పొడుగునా ఉన్న చిన్న ఊళ్ళు కలిసి పెట్టుకున్న లీగ్ ఇది. జీతం ఇస్తారు కాబట్టి ప్రొఫెషనల్ అనాలి. ఆ జీతంతో అద్దెకు ఉండలేరు కాబట్టి ఆటగాళ్ళను ఊళ్ళోవాళ్ళు తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటారు. అలాంటి ఇంటిని బిల్లెట్ అంటారు. ఈశ్వరమ్మ భర్త రాఘవయ్య డాక్‌యార్డులో ఎలక్ట్రీషియన్, హాకీ పిచ్చి ముదిరిన మనిషి. లీగ్ పుట్టిన ఏడాదే, భార్యను మాటవరసకైనా అడగకుండా, మేడమీది గదిని డార్ట్‌మత్ టగ్స్ టీముకు ఒప్పేసుకుని వచ్చాడు. ఆవిడ వారంపాటు మాట్లాడలేదు. తర్వాత వచ్చిన కుర్రాడికి జ్వరమొస్తే చారన్నం కలిపి పెట్టింది, అంతటితో అలక తీరిపోయింది. రాఘవయ్య పోయాక కూడా ఆ గదికి ఆటగాడు రావడం మానలేదు.

లీగ్ మాత్రం మొదటినుంచీ రోగిష్టిదే. గనుల ఊరి టీము గనితోపాటే మూతబడింది. ఇంకో ఊళ్ళో మంచు బరువుకు స్టేడియం కప్పు కుంగితే బాగుచేయించే నాథుడు లేకపోయాడు. ఒక టీము యజమాని ఏకంగా టీము బస్సుతో సహా మాయమయ్యాడు. కరోనా వచ్చి ఒక సీజన్‌ను మొత్తంగా మింగేసింది. మళ్ళీ మొదలయ్యేసరికి నాలుగు టీములే మిగిలాయి. వాళ్ళలో వాళ్ళే తిప్పితిప్పి ఆడుకుంటుంటే చూసేవాళ్ళకూ విసుగొచ్చింది.

ఇలాంటి లీగ్‌లో ఆటగాడు ఎన్నాళ్ళుంటాడో ఎవరికీ తెలియదు. పైలీగ్ నుంచి పిలుపొచ్చి వెళ్ళేవాడు ఒకడైతే, ఇక వద్దని పంపేస్తే వెళ్ళేవాళ్ళు పదిమంది. అందుకే కాకినాడలో అమ్మమ్మ నేర్పిన పద్ధతిని ఈశ్వరమ్మ గట్టిగా పట్టుకుంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళే పని చెడిపోతుంది. పైలీగ్‌కు వెళ్తున్న పిల్లాడి అదృష్టం తన నోటివల్ల పాడవకూడదని ఆవిడ భయం. నోరు మూసుకుని గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి, "వెళ్ళొస్తానను నాన్నా" అనేది. ఆ ఒక్క ముక్క వచ్చిన ప్రతివాడికీ నేర్పింది. అందరూ వెళ్ళొస్తా అనే వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

కోల్బీ రెండు సీజన్లుగా ఉంటున్నాడు. ఎక్కడో దూరాన సస్కాచెవాన్ నుంచి వచ్చిన గోలీ, అంటే గోల్ కాసేవాడు; మాట తక్కువ. పప్పు చారంటే ప్రాణం. చెప్పకుండానే మంచు ఎత్తిపోసేవాడు, చెత్తడబ్బాలు బయట పెట్టేవాడు.

అప్పటికి ఊరంతా స్టూడెంట్లతో నిండిపోయింది. వీధిలో ప్రతి బేస్‌మెంటూ అద్దెకు వెళ్ళింది, కొన్నిచోట్ల ఒకే పరుపు ఇద్దరు వంతులవారీగా వాడుకుంటున్నారు. ఈశ్వరమ్మ బేస్‌మెంట్‌లో జగిత్యాల నుంచి వచ్చిన వర్ష ఉండేది. రేవుకు అవతల హాలిఫాక్స్‌లో కాలేజీకి ఫెర్రీ పడవ మీద వెళ్ళొస్తూ, సాయంత్రాలు కాఫీషాపులో పనిచేసేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. కోల్బీ ఫోన్ చూసుకుంటూ ఉప్మా తింటున్నాడు.

"ఆంటీ, లీగ్ బందయితదంటున్నరు కదా. ఆ పైన రూమ్ మా ఫ్రెండ్ మధుమితకిస్తరా? నైట్ డ్యూటీ చేసి వస్తే బెడ్ మీద ఇంకో అమ్మాయి పండుకొని ఉంటది. ఇంత చలిల లైబ్రరీల కూసుంటది, పాపం" అంది వర్ష.

"అయ్యో, అంతలా ఉందా! సీజన్ ఎండ్ అయితే రూమ్ ఖాళీయే కదే. స్టూడెంట్‌కే ఇచ్చేద్దాంలే. నాకూ తోడుంటుంది."

తెలుగులోనే కదా మాట్లాడుకున్నాం అనుకుని ఇద్దరూ గొంతు తగ్గించలేదు. వర్ష కాలేజీకి వెళ్ళిపోయింది. కోల్బీ ప్లేటు కడిగి పైకి వెళ్ళాడు. కాసేపటికి పెద్ద హాకీ సంచీ భుజాన వేసుకుని, పరుపుల్లాంటి గోలీ ప్యాడ్లు చంకన పెట్టుకుని దిగాడు.

"లీగ్ మూసేశారు మిసెస్ ఈ. ఇప్పుడే మెయిలొచ్చింది" అన్నాడు ఇంగ్లీషులో. ఈశ్వరమ్మ అనడానికి నోరు తిరగక ఆవిణ్ణి అలాగే పిలిచేవాడు.

ఎక్కడికని అడగాలని ఈశ్వరమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది, బలవంతాన మింగేసింది. ఈ పిల్లాడికి ఎక్కడినుంచైనా పిలుపొచ్చిందేమో, తన నోటితో చెడగొట్టడమెందుకు? మజ్జిగ కలిపి ఇచ్చింది. అతను తాగాడు. తలుపు తీసి, మెట్లు దిగకుండా, దేనికోసమో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆవిడ నవ్వుమొహం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"వెళ్ళొస్తా" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం సస్కాచెవాన్ నుంచి అతని తల్లి ఫోన్ చేసింది. కొడుకు 'అంతా అయిపోయింది, క్షమించు' అని ఒక్క మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాడట. టీమువాళ్ళెవరికీ కనబడలేదట.

"ఎక్కడికి వెళ్తున్నానని చెప్పాడు?"

"నేను అడగలేదమ్మా."

"సామాన్లతో వెళ్తుంటే అడగలేదా? ఎందుకు?"

కొడుకు కోసం అల్లాడుతున్న తల్లికి కాకినాడ అమ్మమ్మ సంగతి ఈశ్వరమ్మ ఏమని చెబుతుంది? చెప్పబోయింది, తన చెవికే పిచ్చిమాటల్లా వినబడి ఆపేసింది. ఫోన్ పెట్టేశాక ఆ మెసేజ్‌లోని 'క్షమించు' ఆవిడను నిలవనీయలేదు. స్టేడియానికి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. చివరికి పోలీసులకూ చేసింది. వాళ్ళూ అదే ప్రశ్న అడిగారు.

చీకటి పడుతుండగా వర్ష ఫోన్ చేసింది. "ఆంటీ, కోల్బీ ఫెర్రీల ఉన్నడు. పొద్దున ఒక ఫెర్రీ తప్పి నేను ఆగి పోయేటప్పుడు కూడా వెనక ఎక్కిండు, కాలేజీ లేటయితదని పలకరించలె. ఇప్పుడు వస్తుంటే అదే సీట్ల కూసున్నడు. దిగుతుండు, మళ్ళ ఎక్కుతుండట, గేటుకాడ ఆయన చెప్పిండు. జెర జల్ది రాండ్రి. నాకు భయమయితుంది."

ఈశ్వరమ్మ చీరమీదే కోటు తొడుక్కుని టాక్సీలో వెళ్ళింది. అతను టెర్మినల్‌లో బెంచీమీద ఉన్నాడు, ఎటో చూస్తున్నాడు. పక్కన వర్ష బిక్కమొహంతో నిలబడి ఉంది. ఆవిడ వెళ్ళి అతని పక్కన కూలబడింది.

"ఎక్కడికి వెళ్దామనుకున్నావురా?" అంది, తెలుగో ఇంగ్లీషో తనకే తెలియకుండా.

"తెలీదు. ఇంటికెళ్ళి ఏం మొహం చూపించను? ఈ లీగ్ కోసం చదువు మానేశాను" అన్నాడు. "మీ తలుపు దగ్గర నిలబడ్డాను. మీరు అడుగుతారనుకున్నాను. రూమ్, సీజన్, స్టూడెంట్ అన్నారు కదా పొద్దున. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది. గది కావాలి కాబట్టి అడగలేదని అనుకున్నాను" అన్నాడు.

కాదని చెప్పడానికి ఈశ్వరమ్మ నోరు తెరిచింది. కానీ గది ఇచ్చేద్దామని అన్నది తనే కదా. అతని చెయ్యి మంచుగడ్డలా ఉంటే రెండు చేతుల్లోకీ తీసుకుని, వదలకుండా కూర్చుంది.

"గది నీదే. ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అంది చివరికి.

అతను ఫోన్ ఆన్ చేసి, తల్లికి చేశాడు. అవతల తల్లి ఏడుస్తున్నది ఈశ్వరమ్మకూ వినిపించింది. "బాగానే ఉన్నానమ్మా. ఇంట్లో ఉన్నాను" అన్నాడు కోల్బీ, బెంచీమీద కూర్చునే.

వర్ష నెమ్మదిగా అంది: "మధుమితకు నేను చెప్త లెండి ఆంటీ, రూమ్ లేదని."

ఈశ్వరమ్మకు ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడ్డందుకే ఆవిడ వర్ష మొహంలోకి చూడలేకపోయింది.