సంతకం అయ్యాక తింటానంది

చిట్టీ! నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. పచ్చకామెర్లు ముదిరి, రైల్వే ఆసుపత్రిలో, ఒక మంగళవారం పొద్దున్న నా చెయ్యి పట్టుకునే పోయావు. ఇప్పటికీ నీ మీద నాకు కోపం తగ్గలేదు.

తన జ్ఞాపకంగా వేస్తున్న ఈ పుస్తకం చదివే మీలో చాలామంది మా పిల్ల దగ్గర రష్యన్ నేర్చుకున్నవాళ్ళు, తనతో పనిచేసినవాళ్ళు. తన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మంచి మాటలే రాద్దామని కూర్చుంటే అన్నీ తిట్లే వస్తున్నాయి. ఏం చెయ్యను.

మాది ఖరగ్‌పూర్‌లో ఖరిదా పేట. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, తన నాన్న పనిచేసిన రైల్వే వర్క్‌షాపు వాళ్ళతో హిందీ, కూరలమ్మే మనిషితో ఒడియా. చిన్నప్పుడే అన్నీ గలగలా మాట్లాడేది. అవి చాలవన్నట్టు కలకత్తా వెళ్ళి రష్యన్ చదివి, అక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి చేరింది.

"ఎందుకే ఆ బాస? ఆ దేశంలో మనకెవులున్నారు?" అని అడిగాను.

"ఎవులూ లేరమ్మా. అందుకే నేర్సుకోవాల" అంది.

తన బాధ ఒకటే. మన పిల్లలు రష్యన్‌ని ఇంగ్లీషు పుస్తకాల్లోంచి చదవాలి. ఇంగ్లీషే సరిగా రానివాళ్ళకి అది రెండు గోడలు దూకడం. బెంగాలీ పిల్లలకు బెంగాలీలో, తెలుగు పిల్లలకు తెలుగులో రష్యన్ నేర్పే పుస్తకాలు కావాలి, వినడానికి టేపులు కావాలి. దానికి కలకత్తాలో తన విశ్వవిద్యాలయమూ, ఆంధ్రా వైపు మరొకటీ కలిసి పనిచెయ్యాలి. అలా కలిసి చేస్తామంటేనే ఢిల్లీలోని సర్కారు ఆఫీసు గ్రాంటు ఇస్తుందట. అర్జీ మా పిల్లే రాసింది. రెండు చోట్లా ప్రొఫెసర్లు సంతకం పెట్టాలి. ఆ రెండు సంతకాలే నా కూతుర్ని తినేశాయి.

ముందు వాళ్ళని పెట్టమనమని కలకత్తా ఆయన, ముందు వాళ్ళే పెట్టాలి కదా అని ఆంధ్రా ఆయన. ముందు పెట్టినవాళ్ళు చెయ్యి చాపినట్టూ, తర్వాత పెట్టినవాళ్ళు దయతలచినట్టూ అవుతుందట. ఇద్దరూ మంచివాళ్ళే. చెడ్డవాళ్ళయితే కడుపునిండా తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇలా రెండేళ్ళు. పోస్టులో పంపితే ఏ బల్ల మీదో పడి ఉంటుందని ఫైలు తనే మోసుకుంటూ అటూ ఇటూ తిరిగేది.

కలకత్తా నుంచి ఆంధ్రా వెళ్ళే బండి మా ఖరగ్‌పూర్‌లో కాసేపు ఆగేది. మనవాళ్ళు బండిలో వెళుతుంటే మా ఊళ్ళో అందరమూ అన్నం పట్టుకుని స్టేషనుకు వెళతాం. ఏ పెట్టెలో ఉందో తెలియక ఆ పొడుగు ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తేదాన్ని. కిటికీ పక్కన, ఒళ్ళో ఫైలుతో కనిపించేది.

"ముందు తినీ."

"సంతకం అయ్యాక తింతానమ్మా. సెయ్యి జిడ్డయితే ఫైలుకంటుకుంతాది."

"అంటుకుంతే ఏటయిపోద్ది? ఆ పెద్దమనుసులు ఇళ్ళకాడ నూనె లేకండా తింతన్నారేటి?"

ఎదుటి సీటు బెంగాలీ ఆవిడ నవ్వి, "ఖాఓ మా, ఖాఓ" అని నా తరఫున తనూ తినమంది. మా పిల్ల ఆవిడకీ నాకూ కలిపి ఒక దండం పెట్టింది. తిరుగు బండిలో డబ్బా నా చేతికిచ్చేది. మూత తీస్తే పులిసిన పప్పు వాసన. ఎన్నిసార్లో!

ఒక్కటి మాత్రం చెప్పాలి. నేను ఈ ముక్కలు రాయగలుగుతున్నానంటే తన వల్లే. సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి రోజుకో పేజీ రాయించేది. తప్పు రాస్తే కొట్టేసేది కాదు, పక్కన సరిగా రాసి చూపించేది. "తప్పు కూడా ఉండనీ అమ్మా, రేపు సూసుకుంతే నవ్వొస్తాది" అనేది. మీక్కూడా అలాగే నేర్పిందని విన్నాను.

కళ్ళు పచ్చబడ్డాయని నేను చూసేసరికే ఆలస్యమైపోయింది. అర్జీకి ఆఖరు తేదీ దగ్గరపడిందని నెల రోజులుగా జబ్బు దాచుకుంది. ఆసుపత్రిలో కూడా తలగడ కింద ఆ ఫైలే. సంగతి తెలిసి ఒకాయన కలకత్తా నుంచి, ఒకాయన ఆంధ్రా నుంచి చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ ఒకే పూట వచ్చారు. మా పిల్ల నీరసంగా ఫైలు తీసి మంచం మీద పెట్టింది. ఇద్దరూ కలాలు తీశారు. తీసి, "మీరు కానివ్వండి" అని ఒకరు, "అబ్బే, మీరే ముందు" అని ఒకరు! ఇంగ్లీషులోనే గాని నాకు అర్థం కాకేం. ఒళ్ళు మండిపోయింది.

"బాబూ, పెళ్ళిలో జీలకర్రా బెల్లం ఎవులు ముందు పెడతారు?" అని ఆంధ్రా ఆయన్ని అడిగాను.

ఆయన తెల్లబోయారు. "ఒకేసారి పెట్టుకుంటారు కదమ్మా."

"మరి ఆ కాయితాలు రెండు ప్రతులున్నాయి. సెరొకటీ అట్టుకుని ఒకేసారి పెట్టీయండి. అయ్యాక మార్సుకోండి. ముహూర్తం నాను సెప్తాను."

మా పిల్ల బెంగాలీలో చెబితే కలకత్తా ఆయన పకపకా నవ్వి, "ఠిక్ ఆఛే, మా" అంటూ తలూపారు. నేను "కానీండి" అన్నాను. రెండు కలాలూ కదిలాయి. రెండేళ్ళ తగువు, అర నిమిషంలో అయిపోయింది.

"ఓలమ్మ, ఈ ముక్క ముందే సెప్పినావు కావేటే!" అంది నా కూతురు.

"నన్నెవులడిగినారే?" అన్నాను.

అన్నానే గాని, ఆ మాట ఇప్పుడు నన్నే పొడుస్తోంది. అన్నిసార్లు కిటికీ దగ్గర నిలబడి తిను, తిను అని సతాయించాను. ఆ సంతకాలు ఎందుకు కావడం లేదే అని ఒక్కసారైనా అడిగానా? అడిగుంటే అక్కడే చెప్పేదాన్ని.

ఆ పూట తనంతట తనే గంజి అడిగింది. అర గ్లాసు తాగింది. అంతే, కడుపులో ఇమడలేదు. ఆరో రోజున పోయింది.

గ్రాంటు మంజూరైంది. పోయిన వారం తన దగ్గర చదివిన అమ్మాయిలిద్దరు, ఒక బెంగాలీ పిల్ల, ఒక తెలుగు పిల్ల, మొదటి పాఠం రాసి నాకు చూపించడానికి వచ్చారు. చాప వేసి అన్నం వడ్డించాను. చూస్తే, ఏదో మాటకి తెలుగు ఏం పెట్టాలని వాదించుకుంటున్నారు. చారు మీద తెట్టు కడుతోంది, ఈగ వాలుతోంది, ఒక్కరి చెయ్యీ కంచంలోకి పోదు. కాయితాలు లాక్కుని, వాటి మీద పీట వేసుకుని కూర్చున్నాను. భయపడి తిన్నారు పాపం, నా మొహం చూస్తూ, గబగబా, వేళ్ళు నాక్కుంటూ. మారు వడ్డించేదాకా నేను లేవలేదు.

మీరూ అంతే. ఆ పుస్తకాలు పూర్తి చెయ్యండి, వద్దనను. కాని వేళకి అన్నం తినండి. కడుపునిండా తినండి.