బిళ్ళ కింది చర్మం

నా భార్య పోయింది. మంచిర్యాల నుంచి, శ్రీరాంపూర్ నుంచి పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అడిగారు. "షుగర్ తోని పోయిందట గద?" తల ఊపాను. కానీ షుగర్‌తో ఆమె చాలా ఏళ్ళు కాపురం చేసింది, నాతో చేసినట్టే, విసుక్కుంటూ, ఓపిగ్గా. ఆమెను తీసుకుపోయింది అదొక్కటే కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

గోదావరిఖనిలో మా క్వార్టరు ముందుగది ఆమె కుట్టుమిషనుది. కాలనీలో ఆమె పేరు తెలియనివాళ్ళు ఉంటారు, టైలరక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఎవరి జాకెట్టయినా ఒకసారి తొడిగించి చూడనిదే ఇచ్చేది కాదు. "కొలత టేపు చెప్తది. సుఖం ఒళ్ళు చెప్తది" అనేది.

ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. చక్కెర పడిపోతే ఎవరికైనా చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. ఆమెకు పోనుపోను ఆ గుర్తులు రావడం మానేశాయి. ఒకసారి కూరగాయల మార్కెట్లో నిలబడ్డచోటే కూలబడింది. అప్పుడు చేతికి సెన్సర్ పెట్టించాం. చిన్న బిళ్ళ. జిగురుతో చర్మానికి అంటుకుని ఉంటుంది, రెండు వారాలకోసారి మార్చాలి. చక్కెర తగ్గితే ఫోను మోగుతుంది. నేను బొగ్గుబాయిలో సర్వేయర్ని, కిందికి దిగితే ఇంటి కబురు అందదు. ఆ మోత ఉందన్న ధైర్యంతోనే దిగేవాణ్ణి.

మోగినప్పుడల్లా బెల్లంముక్క నోట్లో వేసుకుని నవ్వేది. "అత్తమ్మ పోయిందనుకుంటే ఆమె బదులు ఇది మోపైంది. తిన్నవా, తిన్నవా అని ఒకటే నస." బిళ్ళకు గాలి ఆడాలని జాకెట్టు చేతికి చిన్న కిటికీ కత్తిరించి, దానికి అంచు కూడా కుట్టుకుంది.

కొన్నాళ్ళకు బిళ్ళ తీసినచోట ఎర్రటి దద్దు లేచింది. తర్వాత నీటి పొక్కులు, రసి. ఈ బొగ్గు ఊళ్ళో ఒంటి మీద ఏది లేచినా పేరు ఒకటే, దుమ్ము. ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము ఇంటింటికీ వచ్చేదే కనుక ఎవరూ ఇంకో కారణం వెతకరు. చర్మం డాక్టరూ వెతకలేదు. ఇక్కడ అందరికీ ఉండేదేనని పూతమందు రాసి, దుమ్ము చొరబడకుండా బిళ్ళ పైన ఇంకో ప్లాస్టరు అంటించమన్నాడు. అంటించాం. పుండు ప్లాస్టరంత పెద్దదయింది.

పక్క క్వార్టరు వదినదీ అదే మాట. "బట్టలు బయట ఆరేస్తవు గదనే, అందుకే."

"దుమ్ము గిట్ల గీసినట్టు గుండ్రంగ పడ్తదా వదినా? చాక్‌పీసు పట్టుకొని వస్తదా?"

చివరికి హైదరాబాదులో ఒక డాక్టరు చూస్తూనే చెప్పాడు, ఆమె ఒంటికి ఆ జిగురు పడలేదని. ఒకసారి పడకపోతే ఇక పడదన్నాడు. కింద పొర వేసి పెట్టాం, పొట్ట మీద పెట్టాం, వేరే కంపెనీది తెచ్చాం. పెట్టినచోటల్లా గుండ్రం లేచింది. మొదటి కంపెనీకి ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా విని, కొత్త సెన్సర్ ఉచితంగా పంపించింది. అదే జిగురుతో. అందులో ఏముందో మాత్రం చెప్పలేదు.

ఈలోగా కాలనీలో ఎవరో గజ్జి అన్నారు. బట్టలు ఇచ్చేవాళ్ళు తగ్గారు. ఒకరోజు వెనుక లైనులో ఉండే ఒకామె తన జాకెట్టు గుడ్డ వెనక్కి అడిగింది.

"ఏమనుకోకు టైలరక్కా, ఇంట్ల చిన్నపిల్లలున్నరు."

"నేనేమనుకుంట? తీస్కపో. మంచిగ ఉతుక్కో."

ఆమె వెళ్ళాక నా భార్య మిషను ముందు కూర్చుంది. తన జాకెట్ల చేతులన్నీ విప్పి, మణికట్టు దాకా కొత్తవి కుట్టుకుంది. ఆ వారమే బిళ్ళ కూడా తీసేసింది.

"ఇగో, చెయ్యి మానేదాక వద్దు. వేలు పొడుసుకొని చూసుకుంట. సూది నాకు కొత్తనా?"

"మోత లేకుంటె ఎట్లనే?"

"ఇదివరకు ఎట్లున్న? గట్లనే."

ఇదివరకటిలా లేదని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ చెయ్యి చూసి, ఒక గ్లూకోజు డబ్బా తెచ్చి మిషను పక్కన పెట్టాను.

చెయ్యి మానింది. పొక్కులు ఎండి నల్లబడ్డాయి. మళ్ళీ లేస్తాయని బిళ్ళ పెట్టుకోలేదు. ఒకరోజు నేను మొదటి షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆమె మిషను మీద తల వాల్చి ఉంది. గ్లూకోజు డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చాపమని చెప్పేది ఏదీ మోగలేదు.

స్నానం చేయించి, పసుపు పూసి, వాకిట్లో పడుకోబెట్టారు. "అదృష్టం చేసుకున్నది, ముత్తైదువ లెక్క పోయింది" అన్నారు. మా దిక్కు ముత్తైదువ పోతే ఆమె ఒంటి పసుపు తీసుకుని పుస్తెలకు అద్దుకుంటారు, భర్త కంటే ముందు పోయే భాగ్యం తమకూ దక్కాలని. ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చారు. వెనుక లైను ఆమె కూడా వచ్చింది. ఆ చేతినే పట్టుకుని, రెండు వేళ్ళతో గట్టిగా రాసి పసుపు తీసుకుంది. పుస్తెలకు అద్దుకుని, కోడల్ని ముందుకు తోసింది. "తీస్కో పిల్లా, మంచిది."

అందరూ తాకి వెళ్ళేసరికి చేతి మీద పసుపు మిగల్లేదు. నల్లటి గుండ్రాలు ఒకదాని పక్కన ఒకటి ఎండలో బయటపడ్డాయి.