అవ్వ ఇచ్చిన మడ్డి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మూల ఎప్పుడూ ఏదో ఒక కుండ సన్నగా చప్పుడు చేస్తూ ఉండేది. అచ్చంపేట దాటాక అడవి మొదలయ్యే చోట మా పల్లె. మా అవ్వ, అంటే మా బాపు తల్లి, మొలకెత్తిన జొన్నలతో ఇంట్లోనే కల్లు కాచేది. చెట్టు నుంచి దించేది కాదు కనుక మేం దాన్ని జొన్నకల్లు అనేవాళ్లం. పెండ్లి అయినా, చావు అయినా, కోతలు ముగిసిన రోజైనా ఊరివాళ్లు మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఆ విద్య ఊళ్లో ఇంకెవరికీ రాదు.

అవ్వ ఆ పనిలో ఉంటే నేను పక్కనే కూర్చునేదాన్ని. జొన్నలు నానబెట్టి, తడి గోనెలో మూటకట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. ఆ పిండిని పెద్ద కుండలో గంజిలా కాచి దించేది. అసలు పని అక్కడ మొదలయ్యేది. గంజి దానంతటది కల్లు కాదు. అంతకుముందు కాచిన కుండ అడుగున మిగిలిన చిక్కటి మడ్డి కొంచెం అందులో కలపాలి. పొంగించేదీ, పులియబెట్టేదీ అదే. అయితే అన్ని కుండల మడ్డీ పనికిరాదు. తొందరపడి పొంగి ముక్కుకు పుల్లగా తగిలినదాన్ని అవ్వ నిర్దాక్షిణ్యంగా పెంట మీద పారబోసేది. నింపాదిగా పొంగి, మాగిన పండు వాసన వేసి, పైన తేటపడిన కుండ మడ్డినే దాచుకునేది. గంజిలో వేలు ముంచి, వేలికి హాయిగా అనిపించినప్పుడే కలిపేది.

"గిది పానమున్న సరుకు బిడ్డా. ఉడుకుల ఏస్తె సస్తది, సలికైతె ముడుసుకొని పంటది" అనేది.

చలికాలంలో కుండకు గొంగడి చుట్టేది. ఎండాకాలంలో తడి ఇసుకలో కూర్చోబెట్టేది. మూతికి బట్ట కట్టేది కానీ బిగించేది కాదు, లోపలి ఊపిరి బయటికి పోవాలని. నేను కుండకు చెవి ఆనించి ఆ ఊపిరి వినేదాన్ని. అవ్వంటే నాకు ప్రాణం. ఆమెకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని.

పక్కింటి అక్క మా ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. పెండ్లయిన కొద్దికాలానికే ఆమె భర్త జ్వరంతో పోయాడు. అత్తింటివాళ్లు పశువుల కొట్టం పక్కన ఒక గది చూపించి చేతులు దులుపుకున్నారు. నాకు తల దువ్వేది ఆమే, అడవికి పోయిన రోజు తునికి పండ్లు కొంగున కట్టుకుని తెచ్చేది ఆమే. ఆ ఏడు వానలు పడలేదు. కూలి పని దొరకలేదు. కృష్ణానది అవతల ఉన్న ఆమె పుట్టింట్లో కూడా జొన్నకల్లు కాచేవారట. అది గుర్తు చేసుకుని, ఇంట్లో మిగిలిన జొన్నలన్నీ నానబెట్టి, మొలకెత్తించి, దంచి పెట్టుకుంది. ఇక కావలసింది మడ్డి ఒక్కటే.

ఒక పొద్దున ఖాళీ ముంత పట్టుకుని మా వాకిట్లో నిలబడింది.

"అవ్వా, జరంత మడ్డి ఇయ్యరాదు? నీ కుండకు అడ్డం రాను. గా అడవి లోపటి గూడెపోళ్లకు అమ్ముకుంట" అంది.

అవ్వ ముఖం నిండా నవ్వింది. "గంత మాటేంది బిడ్డా. మడ్డికేం కరువు? కూసో, తెస్త" అని ముంత అందుకుని లోపలికి పోయింది. నేను వెనకాలే పోయాను.

దాచిన కుండలోంచి మంచి మడ్డే తీసి ముంతలో వేసింది. తర్వాత పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు గరిటెతో తీసి అందులో పోసింది. పుల్లతో కలియబెట్టింది. కాసేపు ఆగి, పైన కొన్ని చల్లనీళ్లు పోసింది.

"అవ్వా, సస్తది గదనే" అన్నాను.

"నోర్ముయ్" అంది. ముఖం మీది నవ్వు అలాగే ఉంది. ఆ నవ్వుతో ఆ మాట కలిసి రావడం నేను అంతకుముందు చూడలేదు.

బయటికి వచ్చి ముంతను అక్క చేతుల్లో పెట్టింది. గంజి ఎంత వెచ్చగా ఉండాలో, కుండను ఎక్కడ పెట్టాలో, బట్ట ఎలా కట్టాలో అన్నీ ఓపికగా చెప్పింది. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. అక్క వంగి ఆమె కాళ్లకు మొక్కింది.

నేను ఆగలేకపోయాను. అవ్వ కళ్లుగప్పి అక్క గదికి పరుగెత్తాను. ఆమె అప్పటికే గంజి కాచి చల్లారుస్తోంది.

"అక్కా, అవ్వ దాంట్ల ఉడుకునీళ్లు పోసింది."

ఆమె నా వైపు చూడలేదు. గంజి కలుపుతూనే ఉంది. "ఎర్కనే. ముంత పట్టుకోంగనే తెలిసింది. ఇంక వెచ్చగనే ఉండె."

"మరెందుకు తెచ్చుకున్నవ్?"

"ఇంకెవలిస్తరు? యాడనో ఓ సుక్కంత బతికుంటదేమో. సూస్త."

మడ్డి కలిపింది. ఉన్న ఒక్క దుప్పటీ కుండకు చుట్టింది. మర్నాడూ, ఆ తర్వాతా నేను పోయి ఆ కుండకు చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. చివరికి ఒకరోజు గది బయటికే కుళ్లు వాసన కొట్టింది. అక్క ఆ కుండను ఎత్తుకుపోయి కంచె వెనక పారబోసింది. ఏడవలేదు. ఖాళీ కుండను బూడిదతో తోమి బోర్లించింది.

కథ అంతటితో అయిపోయినా బాగుండేది. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఏమైందని అడిగితే అవ్వ నిట్టూర్చింది. "నేనైతె మంచి మడ్డే ఇచ్చిన. చెయ్యి మంచిగ లేకపోతె నేనేం జేద్దు?" అంది. మొగుడు పోయిన మనిషి కదా, ఆ మాట ఇట్టే అతుక్కుంది. నేను అందరి ముందూ గట్టిగా చెప్పాను, అవ్వ ఉడుకునీళ్లు పోసిందని. అవ్వ నా తల నిమిరి నవ్వింది. "ఉడుకునీళ్లతోని ముంత కడగంగ జూసినట్టుంది పిచ్చిపిల్ల" అంది. అందరూ నవ్వారు. మా అమ్మ నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

"నిజమైతె మాత్రం, మనింటి మాట మనమే బయటేసుకుంటమా?" అంది అమ్మ. అంటే ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత అక్కను విత్తనాలు ఏరడానికి ఎవరూ పిలవలేదు. పచ్చళ్లు పెట్టే ఇంటికి రానివ్వలేదు. పాలు పితికే వేళ ఆమె ఎదురొస్తే ముఖం తిప్పుకునేవాళ్లు. పాడైన ఒక్క కుండ ఆమె చెయ్యి మంచిది కాదనడానికి సాక్ష్యమైపోయింది. ఎండలు ముదిరాక కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీలో ఆమె ఊరు విడిచింది. పోయేముందు మా ఇంటికి వచ్చి అవ్వకు దండం పెట్టింది. అవ్వ దారిలో తినమని జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది, ఆమెను పట్టుకుని ఏడ్చింది. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అదే నాకు ఈ వయసుకూ అర్థం కాలేదు. అక్క మళ్లీ రాలేదు. అవ్వ కుండలు మాత్రం అవ్వ బతికున్నన్నాళ్లూ చక్కగా పొంగాయి.

తెలంగాణ వచ్చిన తర్వాత మేం హైదరాబాదుకు మారాం. ఈమధ్య మా మనవరాలు సరదాపడి ఇంట్లో బీరు కాస్తానని ఏవో గింజలూ, మడ్డికి బదులు ఈస్టు పొట్లాలూ తెప్పించుకుంది. ఏ ఈస్టు మంచిదో ఫోన్లో చదివి చదివి ఎంచుకుంది. తీరా పొట్లం చింపి, పొగలు కక్కుతున్న పాత్రలోనే పోయబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్లి ఆమె మణికట్టు పట్టుకుంది.

"సల్లారనియ్యి బిడ్డా. సస్తది."

"నీకెట్ల తెలుసు అమ్మమ్మా? ఎవరు నేర్పిన్రు?" అని అడిగింది.

"మా అవ్వ" అన్నాను. మడ్డిని ఎలా బతికించాలో నేర్పింది మా అవ్వే, ఎలా చంపాలో చూపించిందీ ఆమే. ఆమె మీద నాకున్న ప్రేమ ఆ రోజు చావలేదు. చచ్చి ఉంటే ఇంత చేదు ఉండేది కాదేమో. ఇప్పటికీ ఎవరైనా ఒక ఆడమనిషిని చూపించి ఆమె చెయ్యి మంచిది కాదంటే, నేను ఆ మాట అన్నవాళ్ల ముఖం మీద అవ్వ నవ్వు కోసం వెతుకుతాను.