చేతులూపే మాస్టారు

నవంబరు వచ్చిందంటే సమర్పణరావు నెల్లిమర్ల బస్టాండులో కనిపిస్తాడు. అతను ఏ చర్చికీ చెందిన ఉద్యోగి కాడు. క్రిస్మస్ పాటలు నేర్పమని ఏ సంఘం పిలిస్తే ఆ ఊరు వెళ్లే క్వయిర్ మాస్టారు. మెడ దగ్గర అరిగిన నల్లకోటు. బస్సులో కూర్చున్నా కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేస్తూనే ఉంటుంది. ఒకే పాటను ఆడవాళ్లకు రెండు వరసల్లో, మగవాళ్లకు రెండు వరసల్లో విడివిడిగా నేర్పి, చివర్లో నాలుగింటినీ కలుపుతాడు. అసలు రాగం పై వరసది; అన్నిటికన్నా కింది వరస, బొంగురు గొంతుతో దానికి తోడుండేది, అతను పాడతాడు. పాట సాగినంతసేపూ జనానికి అతని వీపే కనబడుతుంది. అందుకే ఏళ్ల తరబడి పిలిచే సంఘాల్లో కూడా అతని ముఖం పాడేవాళ్లకే తెలుసు.

రెండువేల పదహారులో పాలకొండ వైపు ఒక సంఘం పండగరోజుకు మాత్రమే రమ్మంది. "పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి మాస్టారూ. మా ఓళ్లు పెదాలు కదుపుతారు. మీరు ముందర నిలబడి సేతులూపండి, వీడియోలో నిండుగా ఉంటాది" అన్నాడు సంఘపెద్ద. సమర్పణరావు కోటు గుండీలు పెట్టుకుని నిలబడ్డాడు. రెండో చరణంలో కరెంటు పోయి పాట ఆగింది. పట్టపగలు, ఫ్యాన్లు అక్కర్లేని చలికాలం. కరెంటు పోయిన సంగతి జనానికి తెలియలేదు. "ఏటి మాస్టారూ, పాటాపేసారు?" అని వెనకనుంచి ఒకావిడ కేకేసింది. అతను చెయ్యెత్తి, రాగం ఎదురుగా ఉన్న పాటగాళ్లు అందుకుంటారన్న పాత అలవాటుతో, తన కింది వరసే పాడాడు. ఎవరూ అందుకోలేదు. ఆ వరస ఒక్కటే వింటే మనిషి మూలిగినట్టుంటుంది. జనం నవ్వారు.

మరుసటి ఏడు ఆ సంఘం ఇన్వర్టర్ కొనుక్కుంది. చేతులూపడానికి మళ్లీ అతన్నే పిలిచింది. వెళ్లాడు.