వదినగారి కారు గేరు నాబు

నిన్నటిదాకా వారం రోజులపాటు మా ఏలూరు ఇంటి వరండాలో పాత పేపరు పరుచుకుని మా వదినగారి కారు గేరు నాబుతో, అదే, గేరు రాడ్డు మీద పట్టుకునే పిడితో, కుస్తీ పడ్డాను. పైపూత కరిగి చేతికి జిగురులా అంటుకుంటోందని ఆవిడ అంటే, నేనే బాగుచేస్తానని గొప్పగా విప్పి తెచ్చాను. ఎమరీ కాగితంతో రుద్దితే పూత ఊడిరాలేదు సరికదా, ఉండలు కట్టింది; ఉండలన్నీ గోకి నల్లరంగు వేస్తే ఈ ముసురులో ఆరి చావదు; ఆరిందనుకుని ముట్టుకుంటే నా వేలిముద్ర పడుతుంది, మళ్లీ గోకడం, మళ్లీ పూయడం. "ఎందుకండీ ఈ తంటా, ఫోనులో ఆర్డరిస్తే కొత్తది ఇంటికొస్తుంది కదా" అని మా ఆవిడ అన్న ప్రతిసారీ ఒళ్లు మండేది, ఆ మాటలో తప్పేమీ లేదు కాబట్టి మరీను.

వదిన కారు నేర్చుకున్నది ఈ బండి మీద కాదు, అన్నయ్య ఎవరి దగ్గరో కొన్న పాత బండి మీద. ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో ఆడమనిషి స్కూటరెక్కితేనే వీధి వీధంతా తిరిగిచూసేదని నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అన్నయ్యకు ఆకివీడు దగ్గర చేపల చెరువులు, వదిన గూడెంలో టీచరు, నేను కొత్తగా ఉద్యోగంలో చేరి వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. డ్రైవరు ఎగ్గొట్టినప్పుడల్లా చెరువుల పని ఆగిపోతోందని విసిగి ఆవిడే నేర్చుకుంది. మా అమ్మ అలిగి అన్నం మానేసింది, తోటి టీచర్లు నవ్వారు, అన్నయ్య నోటితో వద్దనలేక తాళాలు బీరువాలో దాచేవాడు.

ఒక మబ్బు పట్టిన ఉదయం చెరువు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, నీళ్లలో గాలి తగ్గి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయనీ, ఆక్సిజన్ బిళ్లలు వెంటనే తెమ్మనీ. అన్నయ్య జ్వరంతో మంచం మీద ఉన్నాడు, డ్రైవరు జాడలేదు. వదిన బీరువా తెరిచి తాళాలు తీసుకుని, నాతో "రావయ్యా, బిళ్లల బస్తాలు ఎక్కించు" అంది. అన్నయ్య దుప్పటితోనే గుమ్మం దాకా వచ్చాడు.

గణపవరం దాటాక గుంతల్లో గేరు మారుస్తుంటే నాబు ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. దాన్ని నా ఒళ్లో పడేసి, ఉత్త ఇనప రాడ్డుకు చేతిరుమాలు చుట్టి, పళ్లు బిగించి తోసింది.

"వెనక్కి వెళ్లిపోదామండీ వదినా" అన్నాను.

"వెనక్కి వెళ్లాలన్నా గేరు వెయ్యాలి కదయ్యా" అంది.

మేం చేరేసరికే చెరువులో ఒక మూలంతా చేపలు చచ్చి తెల్లగా తేలి ఉన్నాయి. బిళ్లలు చల్లి, ఇంజన్లతో నీళ్లు చిమ్మించి, మధ్యాహ్నానికి మిగతావాటిని కాపాడుకున్నాం. ఇంటికొచ్చాక ఆవిడ అరచేతిలో బొబ్బలు చూసి మా అమ్మ కొబ్బరినూనె రాసింది. వదిన మాత్రం, కాస్త ముందుగా బయల్దేరి ఉంటే అవీ బతికేవని చాన్నాళ్లు బాధపడింది. ఆ తర్వాత ద్వారకా తిరుమల కొండకైనా, భీమడోలు స్టేషన్లో దిగిన చుట్టాల కోసమైనా ఆవిడే బండి తీసేది.

అన్నయ్య పోయి కొన్నేళ్లయింది. ఈమధ్య వదినకు మోకాలి ఆపరేషనై, మళ్లీ నడపవచ్చని డాక్టరు చెప్పినా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మొన్న వాళ్లబ్బాయి ఫోను చేసి, "బాబాయ్, ఆ నాబు ఇంకొన్నాళ్లు మీ దగ్గరే ఉంచండి, అమ్మ బండి తియ్యకుండా ఉంటుంది" అన్నాడు. వాడి మీద కోపం వచ్చింది గాని, వాడి భయమూ నాకు తెలుసు.

రంగు మచ్చలమచ్చలుగా ఉన్నా సరేనని, నిన్న బస్సెక్కి గూడెం వెళ్లి బిగించాను. ఆవిడ వీధి చివరిదాకా నడిపి, తిప్పుకొచ్చి, గేటు దగ్గర ఆపింది. కొడుకూ కోడలూ వీధిలోకొచ్చి నిలబడ్డారు. వదిన దిగి, ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఏలూరు బస్సులో కూర్చుని అదే ఆలోచిస్తూ వచ్చాను. అప్పట్లో అందరూ ఆవిడకు చేతకాదని వద్దన్నారు, ఆవిడ చేసి చూపించింది. ఇప్పుడు వయసైందని వద్దంటున్నాం. దీనికి ఆవిడ ఏం చేసి చూపిస్తుంది?