ముందు పడిన రీలు

మొన్న ఆదివారం మా మేనకోడలు విశాఖపట్నం నుంచి వస్తూ ఒక సినిమా డిస్కు పట్టుకొచ్చింది. పాత నలుపు తెలుపు బొమ్మ. పేరు చెప్పను, చెప్పాల్సినంత గొప్పదీ కాదు. భార్యను చంపినవాణ్ణి పోలీసులకు వదలకుండా కథానాయకుడు తానే వెతికి పట్టుకుని చంపుతాడు, అంతే కథ. అట్ట మీద ‘పూర్తిగా శుభ్రపరిచిన ప్రతి’ అని వేశారు. ఆ మాట నిజమే. బొమ్మ మీద ఒక్క గీత లేదు, మాటల వెనక బరబర లేదు. ఎంత శుభ్రమంటే, కత్తిపోటుకు చచ్చిపడిన దుర్మార్గుడి పొట్ట ఊపిరికి పైకీ కిందికీ ఆడడం కూడా కనిపించింది. మా మేనకోడలు పడీపడీ నవ్వి, “మావయ్యా, ఈ సినిమా గురించేనా మా నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు?” అంది. వాళ్ళ నాన్న మా బావ. మా మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. పోయి ఆరేళ్ళయింది. ఆయన ఈ బొమ్మను ఇంత శుభ్రంగా ఎన్నడూ చూడలేదు. చూడనందుకు నేను ఇవాళ్టికీ కృతజ్ఞుణ్ణి.

అరవైల చివర నేను పలాసలో కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరాను. అప్పటికే సంస్కరణ సభల్లో వాదించి వాదించి గొంతు రాటుదేలింది. ఎవరైనా “దేవుడి దయవల్ల బాగున్నాం” అంటే, బాగులేనివాళ్ళ సంగతేమిటని అక్కడికక్కడే నిలదీసేవాణ్ణి. అందుకే నన్ను పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తక్కువ. మా బావది మందస అవతల ఉద్దానం పల్లె. ఇసుక నేల, కొబ్బరి, జీడి. ఆ ఏడు గింజ రాలే ముందు, కింద ఊడ్చి సిద్ధం చేసిన జీడితోట ఒక మధ్యాహ్నం భగ్గున అంటుకుంది. బావ వాళ్ళ నాన్న నాటిన చెట్లు సగానికి పైగా మాడిపోయాయి. బావ ఏడవలేదు. అంజనం వేసేవాడి దగ్గరికి వెళ్ళాడు. వాడు తమలపాకు మీద కాటుకలోకి తొంగిచూసి, తూర్పుదిక్కున ఒక పొట్టి మనిషి కనిపిస్తున్నాడన్నాడు. బావ తోటకు తూర్పున పొరుగుతోట ఉంది. దాని ఆసామి పొట్టివాడు, గట్టు దగ్గర బావతో రెండుసార్లు మాటామాటా అనుకున్నవాడు. ఇక బావకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కొబ్బరికాయలు కొట్టే కత్తిని రోజూ రాతి మీద నూరడం మొదలుపెట్టాడు.

మా అక్కకు అప్పుడు ఏడో నెల. కబురు పంపింది, నేను వెళ్ళాను. తెలిసిన వాదనలన్నీ వాడాను. చూసినవాళ్ళున్నారా అని అడిగాను, కాటుకకు కళ్ళుంటాయా అని అడిగాను. “తూర్పున సముద్రం కూడా ఉంది బావా, దాని మీద కూడా కత్తి దూస్తావా?” అన్నాను. బావ కత్తి నూరడం ఆపకుండానే, “ఒరే పంతులా, నీ పాటాలు బళ్ళో సెప్పుకో. మా నాన్న నాటిన సెట్లురా అవి,” అన్నాడు. వారం రోజుల వాదనతో నేను సాధించింది ఒక్కటే, కత్తికి పదును పెరిగింది.

నేను పలాస తిరిగొచ్చానో లేదో, ఎవరో బావకు ఈ సినిమా సంగతి చెప్పారు. “అచ్చం నీలాటోడి కతే బావా!” అన్నారట. పలాసలో డేరా సినిమాకు ఆ బొమ్మ వచ్చిందని తెలిసి ఆయన సైకిలెక్కి వచ్చేశాడు. కత్తి గోనెసంచిలో చుట్టి సైకిలుకు కట్టి ఉంది. మర్నాడు పొద్దున్నే ఆ పొట్టి మనిషి తోటకు వెళ్ళే దారిలో కాపు కాస్తానని నాతో చెప్పేశాడు కూడా. ఒంటరిగా వదలకూడదని నేనూ మొదటి ఆటకు వెంటవెళ్ళాను. ఇసుకలో పక్కపక్కనే కూర్చున్నాం. హత్యలను ముచ్చటగా చూపించి ఈలలు వేయించే బొమ్మలంటే నాకు అప్పుడూ ఇప్పుడూ ఒళ్ళుమంటే. కానీ ఆ రోజు మంట కాదు, భయం.

ఆ డేరాలో ఒకటే మిషను. రీలు రీలుకూ ఆపి మార్చేవారు. రీళ్ళు టెక్కలి డేరాలో ఆట ముగించుకుని, రేకు డబ్బాల్లో బస్సు టాపు మీద ఆ మధ్యాహ్నమే దిగాయి. దారిలో సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చిన చేపల గంపలు ఆ డబ్బాల పైకెక్కాయి. గంపల్లోంచి కారిన నీళ్ళకు మూతల మీద సుద్దతో రాసిన అంకెలు చెరిగిపోయాయి. ఆపరేటరు వాసన భరించలేక, గుడ్డతో తుడిచి, తోచిన అంకెలు తానే వేసుకున్నాడు. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. మాకు తెలిసిందల్లా, అప్పటిదాకా మంచి పొరుగువాడిలా టీ తాగుతూ కూర్చున్న ఒక పాత్రను కథానాయకుడు ఉన్నట్టుండి పొడిచి చంపేశాడు!

ఒక్క ఈల పడలేదు. డేరా అంతా బిత్తరపోయింది. ఆడవాళ్ళ వైపు నుంచి జీడిపిక్కలు కొట్టి అరచేతులు నల్లబడిన ఒక ముసలామె లేచింది.

“ఓలమ్మ! ఆడేటి సేసినాడని సంపీసినాడురా? ఎవులు సూసినారు?”

“ఈరోకి తెలుసులేయే, కూకో!” అన్నాడు వెనకనుంచి ఎవడో.

“ఆడికొక్కడికి తెలిస్తే సరిపోద్దేటి? నాకు తెలవద్దా?”

జనం గొల్లుమన్నారు. తర్వాతి రీలులో చచ్చినవాడు హాయిగా అన్నం తింటూ కనిపించేసరికి, “లేసొచ్చీసినాడు రోయ్!” అని కేకలు. ఆపరేటరు బయటకొచ్చి, “మీన్ల నీల్లు పడి నంబర్లు సెరిగిపోనాయి బాబూ!” అని దండం పెట్టాడు. ఆ అన్నం తింటున్నవాడే కథానాయకుడి భార్యను చంపినవాడని మాకు ఆ రీలు చివర తెలిసింది. అప్పటికే చంపడమైపోయింది. బావ మాత్రం నవ్వలేదు. ఆట అయ్యాక సైకిలు నడిపిస్తూ నా పక్కనే నడిచాడు. దారిలో, “రుజువు తరవాత సూపించినారు. ముందు సంపీసినాడు,” అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మర్నాడు ఆయన దారి కాయలేదు. తిన్నగా ఇంటికి వెళ్ళి మొదటిసారి మనుషుల్ని అడగడం మొదలుపెట్టాడు. మొదట తల్లిని అడిగాడు. “అమ్మా, ఆ రోజు తోటకాడ ఎవుల్ని సూసినావు?” మా అత్త చీపురు పక్కన పడేసి గుమ్మంలో కూర్చుంది. “ఎవులూ లేరు నాయినా. ముందురోజు ఊడ్సిన ఆకు కాల్సింది నానే. ఆరిపోనాదనుకున్నాను. గాలొచ్చింది. నువ్వు కత్తట్టుకు తిరుగుతుంటే సెప్పనేకపోనాను.” మా వైపు గింజ కనబడాలని ఎండుటాకు కుప్పచేసి కాలుస్తారు. బూడిద కింద నిప్పు ఒక రాత్రి నిద్రపోయి మధ్యాహ్నం గాలికి లేచింది. తూర్పుదిక్కు పొట్టి మనిషికి అందులో ఏ పాత్రా లేదు. ఆ సాయంత్రం బావ అదే కత్తితో ఆయన వాకిట్లో కూర్చుని లేత బొండాలు కొట్టి ఇచ్చాడు. “ఇదేటి బావా, ఇయ్యాల ఇంత ప్రేమ?” అన్నాడాయన. “తాగు బావా, తాగు,” అన్నాడు మా బావ. ఆ పొట్టి మనిషికి తాను పోయేదాకా అసలు సంగతి తెలియలేదు.

ఎనభైల్లో వీడియో క్యాసెట్లొచ్చాక బావ ఈ బొమ్మను అద్దెకు తెచ్చాడు. ఏ కాపీకి కాపీయో, ముఖాలన్నీ నీళ్ళలో మునిగినట్టున్నాయి. కథానాయకుడు కత్తెత్తగానే తెర మినుకుమని ఎవరిదో పెళ్ళి వచ్చింది. మిగతా టేపంతా తలంబ్రాలే. సినిమా చివర చెరిపి ఎవరో తమ పెళ్ళి ఎక్కించుకున్నారు. “సూసినావా, ఈసారి సంపనే లేదు!” అని బావ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఇదంతా చెప్పి ముగించేసరికి మా మేనకోడలు నవ్వడం మానేసింది. ఆ ఏడో నెల కడుపులో ఉన్నది తనే. రిమోటు అందుకుంది. రుజువు దొరికే భాగం దాటించి ముందు హత్య పెట్టింది, తర్వాత వెనక్కి వచ్చింది. ఇద్దరం ఆ డేరాలో చూసినట్టే చూశాం. దుర్మార్గుడు పొట్ట ఆడిస్తూ చచ్చిపోయాడు, ఆ వెంటనే లేచి అన్నం తిన్నాడు. “ఇంతకీ ఆడేటి సేసినాడని సంపీసినాడు మావయ్యా?” అంది, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో. ఆనాడు డేరాలో ఆ మాట అడిగిన ముసలామె పేరు నాకు తెలియదు, డేరా వేసిన చోట ఇప్పుడు మేడలున్నాయి. ఇంత కాలం గడిచి అన్నీ మాసిపోయాక కూడా, ఆ ప్రశ్న ఒక్కటే ఏ మరమ్మతూ అక్కర్లేకుండా నాకు శుభ్రంగా వినిపిస్తోంది.